14×12 గదికి ఆరు లక్షల్లో ఏ టవర్ స్పీకర్లు కొనాలి?

మీరు రాసినదాని ప్రకారం గది 14×12 అడుగులు, శ్లాబు పదడుగుల ఎత్తు, కింద టైల్స్. ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫైయర్) కాకుండా ఆరు లక్షల బడ్జెట్. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు. షోరూంలో విన్న కెఫ్ కంపెనీ ఆర్ సిరీస్ పెద్ద టవర్లు (నేల మీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు) కొనాలా, అదే సిరీస్‌లో చిన్నవాటితో సరిపెట్టుకోవాలా అన్నది ప్రశ్న. నేనైతే చిన్నవే కొనమంటాను. ఎందుకో చెప్పాలంటే నా డబ్బులు ఎలా పోయాయో చెప్పాలి.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాక మూడో బెడ్‌రూమ్ నాదేనని ఇంట్లో ఎలాగో ఒప్పించాను. 12×12, సరిగ్గా చతురస్రం. స్పీకర్లు విన్న షోరూం హాలేమో పాతికడుగుల పొడవుంటుంది, కింద కార్పెట్, గోడలకి మెత్తటి ప్యానెళ్ళు. ఒక్కో స్పీకర్‌కి రెండేసి ఎనిమిదంగుళాల వూఫర్లు (లోతైన శబ్దం, అంటే బేస్, పలికే పెద్ద కోనులు). మృదంగం మీద గుంకీ (ఎడమ వైపు లోతుగా మోగే దెబ్బ) పడుతుంటే కడుపులో తగిలింది. అక్కడికక్కడే అడ్వాన్స్ కట్టేశాను. ఇంటికొచ్చాక చూస్తే మృదంగం మాయం, మోత మిగిలింది. ఏ పాట వేసినా అడుగున ఒకటే 'హుం'. పక్క గదిలో ఇనప బీరువా తలుపు తనంతట తనే తాళం వెయ్యడం మొదలెట్టింది.

ఆంప్ మార్చాను. వైర్లు మార్చాను (ఎంత పెట్టానో మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు). ఏమీ మారలేదు. ఏడాది తర్వాత ఓ మిత్రుడు యూమిక్ కొలత మైకు తెచ్చి, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌తో గదిలో ఏ స్వరం ఎంత గట్టిగా వినపడుతుందో గ్రాఫ్ తీశాడు. 47 హెర్ట్జ్ (సెకనుకి 47 కంపనాలు, బాగా లోతైన స్వరం) దగ్గర కొండంత లేచింది.

లెక్క చాలా సులువు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ అంకెని రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే, గది ఏ స్వరానికి తనే మోగుతుందో వస్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు, అంటే 47 హెర్ట్జ్. బాత్రూంలో కూనిరాగం తీస్తుంటే ఏదో ఒక స్వరం దగ్గర గొంతు ఒక్కసారిగా ఉబ్బుతుందే, అదే సంగతి. నా గదిలో పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో రెండు మోతలూ ఒకేచోట పడ్డాయి. స్పీకర్ తప్పేం లేదు. మీ గదిలో పొడవుకి 40, వెడల్పుకి 47, ఎత్తుకి 56 హెర్ట్జ్. మూడూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి నా కన్నా అదృష్టవంతులే, కానీ గండం పూర్తిగా తప్పలేదు.

ఇంకో మాట. మనం చదివే రివ్యూలు చాలావరకు అమెరికా వాళ్ళవి. అక్కడి ఇళ్ళలో గోడలంటే ఎక్కువగా చెక్క చట్రానికి బిగించిన జిప్సమ్ బోర్డులు. లోతైన బేస్‌కి ఆ గోడ కాస్త ఊగుతుంది, కొంత మింగుతుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మన ఇటుక గోడా కాంక్రీటు శ్లాబూ మింగేది బహు తక్కువ, వచ్చింది వచ్చినట్టే వెనక్కి కొడతాయి. డాలస్‌లో మా బావమరిది దగ్గర నా పాత టవర్లంత పెద్దవే ఉన్నాయి, హాయిగా పాడుతున్నాయి. అక్కడివాళ్ళు 'బేస్ కాస్త పలచన' అని పెదవి విరిచిన స్పీకర్ మన గదిలో సరిగ్గా కుదరొచ్చు.

ఇక మీ లిస్టులో ఉన్న కెఫ్ ఆర్ సిరీస్ సంగతి. ఆర్5 మెటా, ఆర్7 మెటా, ఆర్11 మెటా మూడింట్లోనూ గొంతు, వీణ, వయొలిన్ పలికే యూని-క్యూ డ్రైవర్ (శబ్దం పుట్టించే కోను) ఒకే రకం. మారేది ముఖ్యంగా వూఫర్లు, వాటికి తగ్గ పెట్టె. ఆర్5లో ఐదుంబావు అంగుళాలవి రెండు, ఆర్7లో ఆరున్నరవి రెండు, ఆర్11లో ఆరున్నరవి నాలుగు. అంటే ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ అదనంగా కట్టేదంతా దాదాపు బేస్‌కే. మీ గది ఎలాగూ ఊరికే పెంచి ఇచ్చే బేస్‌కి. మీకు ఆర్7 చాలు, ఆర్5 అయినా లోటేమీ ఉండదు. పోర్టులో (పెట్టెకుండే గాలి రంధ్రంలో) దూర్చే ఫోమ్ ముక్కలు వాటితోనే వస్తాయి, మోత ఎక్కువైతే మూసి చూడొచ్చు. నా దగ్గర ఇప్పుడున్నవి వేరే కంపెనీవి, కానీ చాలా కంపెనీల సిరీస్‌ల లెక్క ఇంతే.

రివ్యూల్లో కవిత్వం వదిలేసి కొలతలు చూడండి. ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, తర్వాత హర్మన్ అనే ఆడియో కంపెనీలోనూ ఏళ్ళ తరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించాడు. పేరూ ధరా కనపడకపోతే ఎక్కువమంది మెచ్చేవి ఎదురుగా సమంగా పలుకుతూ, పక్కలకి పోయే శబ్దంలోనూ ఒడిదుడుకులు లేని స్పీకర్లేనని తేలింది. స్పీకర్‌ని చుట్టూ అన్ని వైపుల నుంచీ కొలిచి గీసే స్పినొరామా అనే గ్రాఫ్‌లో చూడాల్సింది అదే. రెండు మూడు వందల హెర్ట్జ్ కిందికి వచ్చాక మాత్రం పెత్తనం గదిదే, ఆ గ్రాఫ్ అక్కడ మిమ్మల్ని కాపాడదు.

వినడానికి వెళ్ళేటప్పుడు ఘంటసాల పాత మోనో రికార్డు ఒకటి తీసుకెళ్ళండి. ఎడమా కుడీ ఒకే శబ్దం కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, ఒక మనిషి నిలబడ్డంత మేరలో, కదలకుండా ఉండాలి. అటూ ఇటూ పరుచుకుపోయిందంటే ఆ రెండు స్పీకర్లూ జతగా లేవన్నా అయ్యుండాలి, పక్క గోడలు చెడగొడుతున్నాయన్నా అయ్యుండాలి. షోరూంలో వాళ్ళు వేసే రికార్డులు ఏ స్పీకర్లోనైనా బాగానే ఉంటాయి, అందుకే వేస్తారు. సౌండ్ కూడా మీరు రాత్రి పదిన్నరకి, ఇంట్లో వాళ్ళు పడుకున్నాక పెట్టుకునేంతే పెట్టమనండి. కుదిరితే స్పీకర్లు ఇంటికి తెచ్చి వినిపించమని అడగండి. డిపాజిట్ తీసుకుని తెచ్చే డీలర్లు ఉన్నారు. నేను రెండోసారి కొన్నప్పుడు అలాగే చేశాను, మూడు రోజులు విన్నాక ఒక జత వెనక్కి పంపాను.

ఆంప్ గురించి రెండే ముక్కలు. సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె) 3 డెసిబెల్స్ తగ్గితే అంతే సౌండ్‌కి రెట్టింపు వాట్స్ కావాలి. బ్రోషర్‌లో ఇంపీడెన్స్ (కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు) 8 ఓమ్స్ అని వేసినా కొన్ని స్వరాల దగ్గర 3 ఓమ్స్ దాకా దిగే టవర్లున్నాయి. అడ్డు తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతాయి, హోమ్ థియేటర్ రిసీవర్‌కి ఆయాసం వచ్చేది అక్కడే. కనిష్ఠ ఇంపీడెన్స్ ఎంతో అడగండి.

ఆరు లక్షలూ స్పీకర్లకే పోయొద్దు. ఓ యాభై అరవై వేలు గదికి ఉంచండి. మూలల్లో నేల నుంచి పైదాకా రాక్‌వూల్ (రాతి పీచు) నింపిన చెక్క చట్రాలు కార్పెంటర్‌తో చేయించి గుడ్డ చుట్టించాను, పక్క గోడ మీద పుస్తకాల అల్మరా పెట్టించాను. చాలామంది రెండంగుళాల ఫోమ్ పలకలు గోడంతా అంటిస్తారు. వాటికి బేస్ చెక్కుచెదరదు, పైన వినపడే మెరుపు మాత్రం పోతుంది. స్పీకర్లు 12 అడుగుల గోడ వైపు పెట్టి పొడవునా పాడించండి. కుర్చీ వెనక గోడకి ఆనొద్దు, గది నడిమధ్యలోనూ వద్దు. గోడ దగ్గర ఆ 40 హెర్ట్జ్ కొండలా లేస్తుంది, నడిమధ్యలో అదే గొయ్యి అవుతుంది. కుర్చీని అడుగడుగు జరుపుతూ వినండి, దానికి పైసా ఖర్చు లేదు.

స్పీకర్ల కిందుండే స్పైకులు (మొనదేలిన కాళ్ళు) టైల్స్ మీద నేరుగా దించకండి, గీతలు పడతాయి. కింద పాత రూపాయి బిళ్ళలు పెట్టాను, బాగానే ఉన్నాయి. పిల్లలుంటే ముందు గ్రిల్ తగిలించండి. మా అమ్మాయి మూడేళ్ళప్పుడు బొత్తాం అనుకుని ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న గుమ్మటం) నొక్కింది. ఆ పెద్ద టవర్లు అమ్మేటప్పుడు కొనడానికొచ్చినాయన ముందుగా చూసింది ఆ సొట్టనే.