చప్పుడు చేయని కేబినెట్ ఫ్యాన్లు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ కోసం విడిభాగాలు కొనుక్కుని కంప్యూటర్‌ను నేనే బిగించుకున్నాను. కేబినెట్‌తో వచ్చిన మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఆన్ చేసిన క్షణం నుంచీ హోరుమంటున్నాయి. రాత్రిపూట అదే గదిలో పిల్లలు పడుకుంటారు. మా దగ్గర ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. చప్పుడు లేకుండా బాగా చల్లబరిచే ఫ్యాన్లు ఏవో, ఎన్ని కావాలో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొత్తవి కొనే ముందు ఇప్పుడున్న ఫ్యాన్ల వైర్లు ఎక్కడికి వెళ్తున్నాయో ఒకసారి చూడండి. ఆన్ చేసిన క్షణం నుంచీ హోరు ఉందంటే అవి నేరుగా పవర్ సప్లైకి కలిపి ఉండవచ్చు, లేదా మూడు పిన్నుల ఫ్యాన్లను మదర్‌బోర్డుకు కలిపినా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్‌లు ఉండే చోట) ఆ కనెక్టర్ పీడబ్ల్యూఎం పద్ధతిలోనే, అంటే నాలుగో పిన్ను ద్వారా వేగాన్ని అదుపు చేసే పద్ధతిలోనే ఉండిపోయి ఉండవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ ఫ్యాన్ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. మూడు పిన్నుల ఫ్యాన్ వేగం వోల్టేజీని బట్టి మారుతుంది కనుక ఆ కనెక్టర్‌ను డీసీ పద్ధతికి మార్చండి. సగం సమస్య అక్కడే తీరిపోవచ్చు.

ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి కూడా దాదాపు సగమవుతుంది, కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. అదే ఒకే స్థాయి చప్పుడు చేసే రెండో ఫ్యాన్‌ను పక్కన చేర్చితే పెరిగేది 3 డెసిబెల్‌లే. అందుకే వేగంగా తిరిగే ఒక ఫ్యాన్ కంటే నెమ్మదిగా తిరిగే రెండు ఫ్యాన్లు మేలని గట్టిగా చెబుతాను. కేబినెట్‌లో చోటుంటే ముందువైపు 140 మిల్లీమీటర్లవి రెండు గాలిని లోపలికి లాగేలా, వెనుక ఒకటి బయటికి పంపేలా పెట్టుకోండి. మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఫ్యాన్‌కు ఏ వైపున ఉంటాయో గాలి ఆ వైపుకే వెళుతుంది. బిగించేటప్పుడు ఇది సరిచూసుకోవాలి.

పెట్టెమీద రాసిన గాలి పరిమాణం ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. మీ ఫ్యాన్ ముందు దుమ్ము వడపోసే జాలీ, దాని ముందు కేబినెట్ ప్యానెల్ ఉంటాయి కనుక ముందువైపుకు స్టాటిక్ ప్రెషర్ (అడ్డును దాటి గాలిని నెట్టే ఒత్తిడి) బాగా ఉన్నదే కావాలి. 120 మిల్లీమీటర్లవే పెట్టాల్సి వస్తే నోక్టువా ఎన్ఎఫ్-ఎ12ఎక్స్25 ఇందుకు చక్కగా సరిపోతుంది. దాని రెక్కల అంచుకూ చట్రానికీ మధ్య ఎడం 0.5 మిల్లీమీటరు మాత్రమే. ఖరీదు ఎక్కువనిపిస్తే ఆర్కిటిక్ పి12 పీడబ్ల్యూఎం తీసుకోండి. ఏది కొన్నా నాలుగు పిన్నులదై, ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ (ఇరుసు పలుచని నూనె పొరమీద తిరిగే రకం) ఉన్నదైతే మంచిది. చవక స్లీవ్ బేరింగ్ కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, నూనె ఎండాక గరగరలాడుతుంది.

అయితే ప్యానెల్ మొత్తం గాజుతో మూసుకుపోయి ఉంటే ఎంత మంచి ఫ్యాన్ అయినా ఏమీ చేయలేదు. ఎడిటింగ్ నడుస్తుండగా ముందు ప్యానెల్‌ను తీసి పావుగంట చూడండి. ప్రాసెసర్ వేడి చెప్పుకోదగ్గంత తగ్గితే డబ్బు ఫ్యాన్లమీద కాదు, ముందంతా జాలీ ఉన్న కేబినెట్‌మీద పెట్టాలి.

ఇక బయోస్‌లో ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించే గీత (ఫ్యాన్ కర్వ్) గురించి. ప్రాసెసర్ వేడి క్షణాల్లో పది డిగ్రీలు ఎగసి మళ్లీ పడిపోతుంది. ఫ్యాన్ దాన్ని వెన్నంటి పెరిగి తగ్గుతుంటే, ఒకే స్థాయిలో సాగే చప్పుడు కంటే అదే నిద్ర చెడగొడుతుంది. అందువల్ల 60 డిగ్రీల వరకు వేగం మారకుండా ఉంచి, ఆపైన మెల్లగా పెరగనివ్వండి. స్పందనను కొన్ని సెకన్లు ఆలస్యం చేసే అమరిక ఉంటే దాన్నీ వాడుకోండి. ఫ్యాన్ గది గాలికంటే చల్లగా దేన్నీ చేయలేదు. గది 28 డిగ్రీల నుంచి 38కి చేరితే లోపలి భాగాలూ దాదాపు అంతే పెరుగుతాయి. కాబట్టి ఈ గీతను చలికాలంలో సరిచేసి వదిలేయకుండా, మే నెలలో పూర్తి పని నడిపించి మరోసారి సరిచూసుకోండి.

ఇన్ని చేసినా వీడియో ఎగుమతి సమయంలో మాత్రమే హోరు మిగిలితే అది గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లదో, ప్రాసెసర్ కూలర్‌దో అయి ఉంటుంది. కేబినెట్ ఫ్యాన్లు మార్చడం వల్ల అది పూర్తిగా పోదు.