జూనిపర్‌ని హాల్లోంచి తీసెయ్యి, అమ్మలూ

రాజమండ్రి,
నవంబరు 20

చి. అమ్మలూకి,

నువ్వు పంపిన ఫోటో చూసి ఉలిక్కిపడ్డాను. హాల్లో, టీవీ పక్కన, హీటర్ గాలి తగిలేచోట నా జూనిపర్ బోన్సాయ్, కుండీలో పొట్టిగా పెంచుకున్న ఆ చెట్టు! పైగా "పాపం బయట చలికి వణుకుతోంది పెదనాన్నా, నిన్ననే లోపలికి తెచ్చేశా" అని రాశావు. నీది జాలిగుండే, కాదనను. కానీ ముందు లేచి దాన్ని గరాజ్‌లో పెట్టి రా, మిగతాది తర్వాత చదువు. ఒక్కరోజే కాబట్టి ఫరవాలేదు. అదే నెల దాటుంటే, వెచ్చదనానికి అలవాటుపడ్డ చెట్టుని ఒక్కసారిగా గడ్డకట్టే చలిలోకి నెట్టొద్దనేవాణ్ణి.

జూనిపర్‌కి చలికాలమంటే నిద్ర. పగలు పొట్టిదై చలి ముదిరేకొద్దీ ఎదుగుదల ఆపేసి పడుకుంటుంది. నీ హాల్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి దాన్ని పడుకోనివ్వదు. దాచుకున్న సత్తువంతా అలా మేలుకునే ఖర్చుపెట్టేస్తుంది.

అమెరికాలో, చికాగో దగ్గరున్న నేపర్‌విల్‌కి వచ్చిన మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. రోడ్డు పక్క అమ్మేవాడి దగ్గర ఓ చిన్న జూనిపర్ కొన్నాను. టేబుల్ మీద పెట్టుకోండి, చాలు అన్నాడు. మట్టి మీద గులకరాళ్లు జిగురుతో అంటించి ఉన్నాయి. నీళ్లు పోస్తే లోపలికి దిగకుండా అంచుల మీంచి జారిపోయేవి. అయినా ఫిబ్రవరి దాకా పచ్చగానే ఉంది. మీ పెద్దమ్మ రోజూ దుమ్ము తుడిచేది కూడా. ఒకరోజు వేలు తగిలితే ఆకులు కరకరలాడుతూ రాలాయి. ఎప్పుడో చచ్చిపోయింది, మేమే పచ్చదనం చూసి మోసపోయాం. జూనిపర్ ప్రాణం పోయాక కూడా వారాల తరబడి రంగు మారదు.

ఇక అసలు సంగతి. చలికి చెట్టు కొమ్మలు తట్టుకుంటాయి, తట్టుకోలేనివి వేర్లు. నేలలో పెరిగే చెట్టు వేర్లకి భూమే దుప్పటి. రెండు మూడు అంగుళాల కుండీలో ఆ అండ ఉండదు, నాలుగువైపుల నుంచీ చలి దూరుతుంది. కాబట్టి నువ్వు కాపాడాల్సింది పైనున్న ఆకుల్ని కాదు, కుండీని. ఇంటికి తూర్పువైపు, గాలి కొట్టని మూల చూసుకుని, నేల గడ్డకట్టకముందే కుండీని అంచుదాకా పాతిపెట్టి పైన మల్చ్ (ఎండుటాకులు, చెక్కపొట్టు లాంటివి) కప్పేవాణ్ణి. నీకంత ఓపిక లేకపోతే హీటర్ లేని గరాజ్ చాలు. 25 నుంచి 40 డిగ్రీల మధ్య (ఫారెన్‌హీట్ లెక్కే) ఉంటే దానికి హాయి. పక్కనే ఓ థర్మామీటర్ వేలాడదియ్యి. మరీ దిగిపోయిన రాత్రి ఇంటి గోడవైపు జరుపు. 2019 జనవరి 30న అక్కడ మైనస్ 23కి పడింది. నా జపనీస్ మేపుల్‌ని డెక్ మీదే వదిలేసి పడుకున్నాను. ఏప్రిల్లో అది చిగుర్చలేదు.

చలికాలమే కదా అని నీళ్లు మానేస్తారు చాలామంది. చలి కంటే ఎండిపోయి చచ్చేవే ఎక్కువని నా అనుభవం. వారానికోసారి మట్టిలో వేలు పెట్టి చూడు. పొడిగా ఉంటే, గడ్డకట్టని రోజు మధ్యాహ్నం నీళ్లు పొయ్యి. గరాజ్‌లో ఉంటే ఇంకో సులువుంది: దోసెడు మంచు తెచ్చి మట్టి మీద పెడితే కరిగినప్పుడల్లా నెమ్మదిగా తాగుతుంది. మంచు పెరట్లోది తీసుకో. డ్రైవ్‌వేలోది ముట్టుకోకు, అందులో మంచు కరగడానికి చల్లిన ఉప్పుంటుంది. ఎలుకలు బెరడు కొరుకుతాయి, ఓ కన్నేసి ఉంచు.

నేనిచ్చిన ఫైకస్ సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. అది మన మర్రి కుటుంబమే. ఇక్కడ కడియం నర్సరీల్లో ఏడాదంతా ఆరుబయటే ఉంటుంది, చలంటే దానికేం తెలుసు? దాన్ని లోపలే ఉంచు, దక్షిణం కిటికీ దగ్గర, హీటర్ గాలి తగలకుండా. కొత్తలో కొన్ని ఆకులు రాలుస్తుంది. టెన్షన్ పడి నీళ్లు కుమ్మరించకు, కాస్త అలవాటు పడనీ.

మార్చిలో నాలుగురోజులు ఎండ కాస్తే వసంతం వచ్చేసిందని సంబరపడతావు, నాకు తెలుసు. మీ దగ్గర మే మొదట్లో కూడా మంచు పడే రాత్రులుంటాయి. జూనిపర్ కొత్త చిగురు వేసుంటే అలాంటి రాత్రి మళ్లీ గరాజ్‌లోకే.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఈలోపు ఇంకో ఫోటో పంపు. చెట్టుది వద్దు, అది ఎలాగూ పచ్చగానే కనిపిస్తుంది. కుండీలో మట్టిది పంపు.

పెదనాన్న