డ్రై డాక్ నుంచి వచ్చిన ఓడలో తొలి ప్రయాణం: వెళ్లవచ్చా, తేదీ మార్చుకోవాలా?

మీరు బుక్ చేసుకున్న క్రూయిజ్ ఓడ 4 నెలల్లో డ్రై డాక్‌కు (ఓడ లోపలికి వచ్చాక నీళ్లు తోడేసి మరమ్మతులు చేసే చోటుకు) వెళ్లి 16 రోజుల తర్వాత తిరిగి వస్తుందనీ, మీ ప్రయాణం సరిగ్గా ఆ తర్వాతి మొదటిదేననీ, వెంట 70 దాటిన మీ అమ్మానాన్నలు వస్తున్నారనీ రాశారు. అంతా కొత్తగా ఉంటుందని సంతోషించాలా, పనులు పూర్తికావేమోనని భయపడాలా అన్నది మీ సందేహం. నాకు రెండు రకాల అనుభవమూ ఉంది. ఒకసారి డాక్ నుంచి బయటికి వచ్చిన ఓడలో మొట్టమొదటి ప్రయాణమే మా అమ్మతో కలిసి చేశాను. కొన్నేళ్ల తర్వాత మరో ఓడలో, దాని పునరుద్ధరణ ముగిసిన ఆరో వారంలో వెళ్లాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను: పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు మొదటి ప్రయాణం వద్దు, నెల రోజులు గడవనిచ్చి వెళ్లండి. తేదీ మార్చుకునే వీలు లేకపోతే ఏం చేయాలో కూడా కింద రాశాను.

ముందుగా భద్రత గురించిన భయాన్ని పక్కన పెట్టవచ్చు. ఓడను డ్రై డాక్‌కు పంపేది అందంగా తీర్చిదిద్దడానికి మాత్రమే కాదు. సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం ప్రయాణికుల ఓడను సాధారణంగా ప్రతి 5 ఏళ్లలో కనీసం 2 సార్లు నీటి నుంచి బయటికి తీసి అడుగు భాగాన్ని పరీక్షించాలి, ఒక పరీక్షకూ మరొక పరీక్షకూ మధ్య 36 నెలలు మించకూడదు. ఆ సమయంలోనే అడుగు భాగాన్ని శుభ్రం చేసి రంగు వేస్తారు, ప్రొపెల్లర్లనూ, ఓడ ఊగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్లనూ, సముద్రపు నీటిని లోపలికి తీసుకునే వాల్వులనూ విప్పి చూస్తారు. ఈ పనులు నీళ్లలో ఉండగా చేయడం కుదరదు కాబట్టి, అవి పూర్తయి తనిఖీ అధికారులు సరేనన్నాకే డాక్‌లోకి నీళ్లు వదిలి ఓడను తేలనిస్తారు. క్యాబిన్లు, రెస్టారెంట్లు, ఈతకొలనుల పనులు అలాంటివి కావు. వాటిని ఓడ తేలుతున్నప్పుడూ చేయవచ్చు, ప్రయాణికులు ఎక్కాక కూడా చేయవచ్చు. అందువల్ల సమయం చాలకపోతే మిగిలిపోయేవి ఎప్పుడూ ప్రయాణికుల కళ్లెదుట ఉండే పనులే. ఓడ నడవడానికి ఏ లోటూ ఉండదు, లోటంతా మనం పడుకునే చోటా, తినే చోటా, నడిచే చోటా కనిపిస్తుంది.

సమయం ఎందుకు చాలదన్నదీ తెలుసుకోవాలి. భారీ క్రూయిజ్ ఓడలు పట్టే డాకులు ప్రపంచంలో తక్కువ. బహామాస్‌లోని ఫ్రీపోర్ట్, స్పెయిన్‌లోని కాడిజ్, 465 మీటర్ల పొడవైన డాక్ ఉన్న ఫ్రాన్స్‌లోని మార్సే, సింగపూర్ వంటి కొద్ది చోట్లలోనే ఆ వసతి ఉంది. అక్కడ చాలా ముందుగానే రోజులు కేటాయించుకోవాలి, తర్వాత మరో ఓడ వరుసలో ఉంటుంది. మరోవైపు, ఓడ బయటికి రావలసిన తేదీకి టికెట్లు ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటాయి. రెండు వైపులా తేదీలు బిగుసుకుపోయినప్పుడు సర్దుకోవలసింది పనే. డాక్‌లో అనుకోని సంఘటన జరిగితే మొత్తం ప్రణాళిక తారుమారవుతుంది: 2019 ఏప్రిల్ 1న ఫ్రీపోర్ట్ డాక్‌లో ఉన్న 'ఒయాసిస్ ఆఫ్ ద సీస్' మీద క్రేన్ కూలి 8 మంది గాయపడ్డారు, ఓడను మరమ్మతులకు కాడిజ్‌కు తీసుకువెళ్లవలసి వచ్చింది, 3 ప్రయాణాలు రద్దయ్యాయి.

ఇక నా మొదటి అనుభవం. మమ్మల్ని మధ్యాహ్నం 12 గంటలకు రమ్మన్నారు, 4 గంటలు దాటాక గానీ లోపలికి పంపలేదు. మేము ఓడ ఎక్కే పై వంతెన (గ్యాంగ్‌వే) మీద నడుస్తుంటే, కింది తలుపు నుంచి నీలి దుస్తుల కార్మికులు పనిముట్ల పెట్టెలు మోసుకుంటూ వరుసగా దిగిపోతున్నారు. అందరూ దిగలేదని మర్నాడు తెలిసింది. కొందరు వడ్రంగులూ ఎలక్ట్రీషియన్లూ మాతోపాటే ప్రయాణించి, మిగిలిన పని చేసుకుంటూ రెండో రేవులో దిగారు. మా క్యాబిన్ తలుపు మీద నంబరు పలక లేదు, కాగితం మీద రాసి అతికించారు. లోపల పరుపు కొత్తది, మంచం పక్కన చార్జింగ్ సాకెట్లు కొత్తవి, పాదం మునిగేంత మెత్తటి తివాచీ కొత్తది. ఆ తివాచీని అతికించిన జిగురు వాసన మాత్రం తలుపు తీయగానే గుప్పుమంది.

మా అమ్మకు ఉబ్బసం ఉంది. గంట తిరగకముందే దగ్గు మొదలైంది. బాల్కనీ తలుపు తీసి ఉంచుదామంటే, తలుపు తెరుచుకుంటే ఏసీ ఆగిపోయేలా ఆ ఓడలో ఏర్పాటు ఉంది. పైగా ఏసీ తిరిగి నడిచిన ప్రతిసారీ గాలి గొట్టంలో చిక్కుకున్న సన్నని తెల్లటి పొడి దుప్పట్ల మీద రాలేది. ఆ రాత్రి చాలాసేపు అమ్మ పై డెక్ మీద కుర్చీలో కూర్చుని, గాలి తగిలితే కాస్త హాయిగా ఉందని చెబుతూ వచ్చింది. దుప్పటి కప్పి పక్కనే కూర్చున్న నాకు, ఎన్నో నెలలు డబ్బు కూడబెట్టి ఆమెను ఇలాంటి చోటికి తీసుకువచ్చానే అన్న బాధ తప్ప మరో ఆలోచన లేదు. మీ ప్రశ్నలో అమ్మానాన్నల ప్రస్తావన చూశాకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

రెండో రోజు ఉదయం 8 గంటలకు మా పై డెక్‌లో డ్రిల్లింగ్ మొదలైంది. అదే రోజు మా వరుసలోని టాయిలెట్లు కొన్ని గంటలపాటు పనిచేయలేదు. ఓడల్లో టాయిలెట్లు వ్యాక్యూమ్ పద్ధతిలో నడుస్తాయి, ఒక పైపులో ఏదైనా ఇరుక్కుంటే దానికి కలిసి ఉన్న క్యాబిన్లన్నిటికీ ఇబ్బందే. కొత్త రెస్టారెంట్ మూడో రోజుకు గానీ తెరవలేదు. ఒక ఈతకొలను మీద వల కప్పి ఉంచారు. లిఫ్టుల దగ్గర ఉన్న ఓడ పటాలు పాతవే కావడంతో, మార్చిన మెట్లదారిలో ప్రయాణికులూ సిబ్బందీ కలిసి దారి వెతుక్కున్నాం. వీటిలో ఏదీ ప్రమాదకరం కాదు, ఒక్కొక్కటిగా చూస్తే పెద్ద విషయమూ కాదు. అన్నీ ఒకే వారంలో, అలసిపోయిన పెద్ద వయసు మనిషి మీద పడినప్పుడు మాత్రం అవి చిన్నవిగా అనిపించవు.

సిబ్బంది గురించి చెప్పకపోతే ఈ సమాధానం న్యాయంగా ఉండదు. మా క్యాబిన్ చూసుకునే యువకుడు మాటల సందర్భంలో చెప్పినదేమిటంటే, డాక్‌లో ఉన్నన్ని రోజులూ తామే పాత పరుపులు దించి కొత్తవి ఎక్కించామనీ, వెల్డింగ్ జరిగే చోట నిప్పు అంటుకోకుండా కాపలా ఉన్నామనీ, ప్రయాణికులు ఎక్కే ముందు రాత్రంతా దుమ్ము తుడుస్తూనే ఉన్నామనీ. అంటే మొదటి ప్రయాణంలో మనకు సేవ చేసేవాళ్లు నిద్ర చాలని మనుషులు. కొత్త రెస్టారెంట్‌లో వడ్డించేవాళ్లకు ఆ బల్లల వరుస కొత్త, వంటగది కొత్త, ఆర్డరు తీసుకునే యంత్రం కొత్త. మొదటి రాత్రి గంటకు పైగా పట్టిన భోజనం ఐదో రాత్రికి సాఫీగా అయిపోయింది. ఐదు రాత్రుల్లోనే అంత మార్పు వస్తే ఐదు వారాల్లో ఎంత వస్తుందో మీరే ఊహించండి. పరుపులూ తివాచీలూ తొలిరోజు నుంచే కొత్తవి, వాటి కోసం తొందరపడనవసరం లేదు. చేయి తిరిగిన సిబ్బంది కోసమే ఆగమంటున్నాను.

రెండో అనుభవం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్పతనం. ఆరో వారానికి వాసన పూర్తిగా పోయింది, పటాలు మార్చారు, ఏ చోటా తాడు కట్టి మూసి లేదు, పరుపులూ తివాచీలూ మాత్రం ఇంకా కొత్తవిగానే ఉన్నాయి.

అయితే ప్రతి డాక్ ప్రయాణాన్నీ ఒకే కొలతతో కొలవకూడదు, లోపల ఎంత పని చేస్తున్నారో చూడాలి. తివాచీలు, సోఫాల బట్ట, రంగులు మాత్రమే మారుస్తుంటే మొదటి ప్రయాణంలోనూ ఇబ్బంది తక్కువే. ఓడ రూపమే మార్చే పనులు వేరు. 2013లో 'కార్నివాల్ డెస్టినీ'ని 15.5 కోట్ల డాలర్ల ఖర్చుతో 'కార్నివాల్ సన్‌షైన్'గా మార్చినప్పుడు 182 క్యాబిన్లు అదనంగా చేర్చారు. 2016లో 'క్వీన్ మేరీ 2'కు హాంబర్గ్‌లో 25 రోజుల పాటు జరిగిన పనుల్లో ఒంటరి ప్రయాణికుల కోసం 15 క్యాబిన్లు కొత్తగా కట్టారు. 2005లో రోటర్‌డామ్‌లో 'ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ద సీస్'ను అడ్డంగా కోసి, మధ్యలో సుమారు 22 మీటర్ల కొత్త భాగాన్ని అతికించారు. ఇంత పని జరిగిన ఓడలో గోడల వెనక కొత్త పైపులూ తీగలూ ఉంటాయి, జనం నిండుగా వాడి చూసేదాకా వాటి లోపాలు బయటపడవు. మరో మాట: పొడవు పెంచకుండా క్యాబిన్లు పెంచారంటే ఆ స్థలం అంతకు ముందు మరి దేనికో ఉపయోగపడేదన్నమాట. పాత డెక్ పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టుకుని, మీ అమ్మానాన్నలు ప్రశాంతంగా కూర్చోగల చోటు మిగిలిందో లేదో చూడండి. నాకు ఇది కొత్త జారుడుబల్లల కంటే ముఖ్యమైన విషయం.

డబ్బు విషయానికి వస్తే, తెరవని రెస్టారెంట్‌కూ మూసిన ఈతకొలనుకూ పరిహారం ఇవ్వవలసిన బాధ్యత సాధారణంగా టికెట్ ఒప్పందంలో ఉండదు, మాకు ఓడలో ఖర్చు చేసుకునేందుకు కొంత మొత్తం జమ చేశారంటే అది వారి సౌజన్యమే. ప్రయాణమే రద్దయితే పరిస్థితి వేరు. అమెరికా రేవుల్లో ఎక్కే ప్రయాణాలకు అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ 2022లో తెచ్చిన నిబంధన ప్రకారం, ప్రయాణం రద్దయినా, ఎక్కించుకోవడం 3 రోజులు లేదా అంతకు మించి ఆలస్యమైనా, ప్రత్యామ్నాయానికి ఒప్పుకోని ప్రయాణికుడికి చెల్లించిన డబ్బు తిరిగి ఇవ్వాలి. విమాన టికెట్లు విడిగా కొనుక్కుంటే ఆ రక్షణ వాటికి వర్తించదు. అందుకే డాక్ తర్వాతి మొదటి ప్రయాణానికి వెళ్లేవాళ్లు తేదీ మార్చుకోగల విమాన టికెట్లే తీసుకోవాలి.

తప్పనిసరై ఆ ప్రయాణానికే వెళ్లవలసి వస్తే, మాకు మేలు చేసిన ఒక ఉపాయం చెబుతాను. రెండో రోజు సాయంత్రం క్యాబిన్‌లోని లోపాలన్నిటినీ కాగితం మీద రాసుకుని, రద్దీ తగ్గాక రిసెప్షన్‌కు వెళ్లి, కోపం చూపకుండా అమ్మ ఉబ్బసం సంగతి చెప్పాను. అక్కడి అధికారిణి కాసేపు తెర మీద వెతికి, ఈసారి అసలు పనే జరగని డెక్‌లో ఒక క్యాబిన్ ఖాళీగా ఉందనీ, బాల్కనీ ఉండదనీ, పరదాలు వెలిసిపోయి ఉంటాయనీ, అయినా కావాలా అనీ అడిగారు. మూడో రోజు ఆ పాత క్యాబిన్‌లోకి మారాం. ఏ వాసనా లేని ఆ గదిలో అమ్మ తెల్లవార్లూ నిద్రపోయింది, మర్నాడు తనే ముందు లేచి సముద్రం చూద్దామని నన్ను లేపింది. కొత్త ఓడ కోసం డబ్బు కట్టి పాత గది అడగడం వింతగా అనిపించవచ్చు, కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకూ, నిద్ర తేలికగా చెడేవాళ్లకూ అదే సరైన గది. ఎక్కిన రోజున జరిగే అత్యవసర శిక్షణలో మీ గుమికూడే చోటుకు అమ్మానాన్నలను మెట్ల మీదుగా ఒకసారి స్వయంగా నడిపించి చూపడం మరవకండి, ఎందుకంటే దారులు మారిన ఓడలో పాత అలవాటు, పాత పటం పనికిరావు.

మీ ప్రయాణానికి ఇంకా నాలుగున్నర నెలలు ఉంది. చాలా క్రూయిజ్ సంస్థల్లో పూర్తి డబ్బు కట్టవలసిన గడువు ప్రయాణానికి సుమారు 90 రోజుల ముందు వస్తుంది, ఆ లోపు తేదీ మార్చుకుంటే నష్టం తక్కువగా ఉంటుంది లేదా అసలు ఉండదు. కాబట్టి ఈ నెలలోనే ఫోన్ చేసి, అదే ఓడలో డాక్ తర్వాతి నాలుగో లేదా ఐదో ప్రయాణానికి మారడానికి ఎంత తేడా కట్టాలో అడగండి. అది కుదరదంటే, ఈసారి ఏ డెక్‌లలో పని జరగడం లేదో అడిగి, ఆ డెక్‌లో, లిఫ్టుకు దగ్గరగా ఉన్న క్యాబిన్‌కు అప్పుడే మార్పించుకోండి. ఓడ ఎక్కాక మాకు దొరికినట్టు ఖాళీ గది దొరుకుతుందన్న హామీ లేదు.