లాగోస్‌కి వెళ్లిన పాట కావలికి వెళ్లలేదేం?

ప్రశ్న: నా వయసు 24. ఊరు కావలి. మూడేళ్లుగా చెన్నైలో యానిమేషన్ డిజైనర్‌గా పనిచేస్తూ వేళచ్చేరిలో పీజీలో ఉంటున్నాను. చిన్నప్పుడు ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు లాప్‌టాప్‌లో ట్రాకులు చేస్తాను. నైజీరియాలోని లాగోస్‌లో ఒక డ్రమ్మర్, లిస్బన్‌లో ఒక కవయిత్రి నాకు మంచి స్నేహితులు. కులం, మతం, దేశం అనే గీతలు నాకు పట్టవు. నేను ప్రపంచ పౌరురాలిని అనుకుంటాను. ఇంట్లో ఈ మాటంటే నాన్న "ముందు స్థిరపడు, తర్వాత ప్రపంచాన్ని ఉద్ధరిద్దువుగాని" అంటారు. అమ్మ వాట్సాప్‌లో సంబంధాల ఫోటోలు పంపుతోంది. వచ్చే వేసవిలో స్వీడన్‌లో జరిగే ఎథ్నో సంగీత శిబిరానికి వెళ్లాలని ఉంది. ఇంట్లో ఆఫీసు ట్రైనింగ్ అని చెబుదామనుకుంటున్నాను. కొత్త ట్రాకు మొదలుపెడితే రాత్రుళ్లు నిద్రే రాదు, తర్వాత వారం ఏదీ ముట్టబుద్ధి కాదు. నాది పిచ్చా? – ఒక సోదరి, చెన్నై

జవాబు: అబద్ధం సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. నీతులు చెప్పడానికి కాదు, అది నిలబడదు కాబట్టి అంటున్నాను. స్వీడన్‌కి షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఉండే వీసా, కావాలి. ప్రయాణం దేనికో అందులో రాయాలి. శిబిరం వాళ్ల ఆహ్వానం, ఆఫీసు ఇచ్చిన సెలవు లేఖ, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, కనీసం 30,000 యూరోలకు ప్రయాణ బీమా, ఇవన్నీ జత చేయాలి. కాగితాల మీద ఒక కారణం, ఇంట్లో ఇంకో కారణం అయితే ఎప్పుడో ఒక ఫోన్‌కాల్‌లో దొరికిపోతారు. నాన్నగారిది ఎరువుల కొట్టు అని, ఇక్కడ వేయని భాగంలో రాశారు. బాకీ కట్టలేనివాళ్లు చెప్పే కథలు ఏళ్ల తరబడి విన్న మనిషి. ఆయన ముందు మీ ట్రైనింగ్ కథ ఎంతసేపు నిలుస్తుంది? ఒకసారి దొరికాక, రేపు నిజంగానే ఆఫీసు పని మీద వెళ్తున్నా నమ్మరు.

మీకు వయసొచ్చింది, సంపాదన మీది. ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇన్ని రోజులు, ఇంత ఖర్చు, ఫలానా చోట ఉంటాను, ఫలానావాళ్లు నడుపుతున్నారు అని వివరంగా చెప్పండి. కోపంతో రెండు రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. మూడో రోజు అమ్మే చేస్తుంది.

మీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. అందులో లాగోస్ మిత్రుడి గురించి ఒకటిన్నర పేజీ ఉంది. నాన్నగారి గురించి ఒక్క వాక్యం: "ఆయనకు అర్థం కాదు." ముప్పై దాకా ట్రాకులు మొదలుపెట్టి రెండే పూర్తి చేశానని రాశారు. ఆ రెండూ లాగోస్‌లో విన్నారు, లిస్బన్‌లో విన్నారు. కావలిలో ఎవరూ వినలేదు. మరి అర్థం కాదని ఎలా తేలింది? ఆయన ఇంతవరకు విన్నవన్నీ మీ అభిప్రాయాలే. సంక్రాంతికి భోజనాల దగ్గర కులం గురించి, సరిహద్దుల గురించి మీరు మాట్లాడుతుంటే ఆయన సగం అన్నం వదిలేసి లేచారట. మీ మాటల్లో తాను ఇరుకు మనిషిగా తేలుతున్నానన్నది ఆయనకు బాగానే అర్థమైంది. మీ వాదన తప్పని అనడం లేదు. కులం విషయంలో నేను మీ వైపే. కాని మీ సంగీతం ఆ ఇంటి గడప తొక్కక ముందే వాదన తొక్కేసింది.

ఇంకో మాట, నొచ్చుకోవద్దు. డ్రమ్మర్ స్నేహితుడి కోసం అక్కడి యోరుబా భాషలో పలకరింపులు నేర్చుకున్నానని సంబరంగా రాశారు. మూడేళ్లు చెన్నైలో ఉండి, పీజీలో వంట చేసే అక్కతో "పోదుం" (చాలు) తప్ప వేరే తమిళ మాట ఆడలేదని కూడా సరదాగా రాశారు. నాకు నవ్వు రాలేదు. ప్రపంచ పౌరసత్వం అన్న ఆలోచన గొప్పదే. మదనపల్లెలో పుట్టి అడయారులో పెరిగిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టబోయిన సంస్థను 1929లో తానే రద్దు చేసి, ఏ దేశానికీ ఏ మతానికీ చెందనంటూ జీవితమంతా గడిపారు. చెన్నై వస్తే ఆయన ఉండే వసంత విహార్ గ్రీన్‌వేస్ రోడ్డులో ఇప్పటికీ ఉంది. ఆలోచనల మీద అంత ఆకలి ఉంది కదా, తీరిక చూసుకుని వెళ్లి రండి. అయితే స్క్రీన్ మీద కనిపించే మనుషులకు వర్తించే పౌరసత్వం రోజూ అన్నం వడ్డించే మనిషికీ వర్తించాలి.

పైగా మీరున్నది మామూలు ఊరా? యునెస్కో 2017లో సంగీతానికి గాను సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చిన ఊరు. ఆ బిరుదు సంగతి వదిలేయండి. ఈస్టిండియా కంపెనీ కాలంలో బ్యాండువాళ్లు వాయించే ట్యూన్లకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలు అంటున్నవి అవే. బ్రిటన్ రాజుగారి గీతం వరసలోనే "సంతతం పాహిమాం" ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఈ ఊళ్లోనే ఉంటూ, కరెంటు మాండలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించి, బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి దేశాలు తిరిగి వాయించారు. ఇక్కడ సంగీతం నేర్చుకునే తమిళ పిల్లలు త్యాగరాజ కీర్తనల్లో తెలుగు మాటలు సరిగ్గా పలకడానికి తంటాలు పడుతుంటారు. తెలుగు మీ ఇంటి భాష, స్వరజ్ఞానం ఉంది. అలాంటి ఒకరిద్దరికి కీర్తనలో పదాలు విడమర్చి చెప్పండి, బదులుగా తమిళం నేర్పమనండి. చెన్నైలో మీకు స్నేహితులు లేరన్న బాధ కూడా ఉత్తరంలో కనిపించింది. దానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తోచలేదు.

శిబిరం గురించి. ఎథ్నో 1990లో స్వీడన్‌లోని ఫాలున్‌లో మొదలైంది. అక్కడికి వచ్చే యువతీ యువకులు తమ ప్రాంతపు పాటో బాణీయో తెచ్చి, కాగితం మీద స్వరాలు రాయకుండా, పాడి వాయించి వినిపిస్తూ మిగతావాళ్లకు నేర్పుతారు. మీ లాప్‌టాప్ అక్కడ పెద్దగా పనికిరాదు. మరి ఏం పట్టుకెళ్తారు? నాట్లప్పుడు మీ నాయనమ్మ పాడే పాట ఒకటుండేదనీ, రెండు చరణాలే గుర్తున్నాయనీ మధ్యలో ఎక్కడో రాసి వదిలేశారు. నాకు ఉత్తరం మొత్తంలో బాగా నచ్చిన చోటు అదే. మిగతా చరణాలు ఎవరికొచ్చు? మేనత్తకు రావచ్చు, ఆ పొలంలో నాయనమ్మతో పాటు నాట్లేసినవాళ్లకు రావచ్చు. ఎవరి ఇంటికెళ్లాలో తెలిసినవాళ్లు మీ నాన్నగారే. పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రానికి కావలి. పాడేవాళ్లు దొరికితే ఫోన్‌లో రికార్డు చేసుకుని ఊరుకోకండి. నారు ఏ మాట మీద బురదలోకి దిగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, మొదటి మనిషి పాడిన చరణాన్ని మిగతావాళ్లు ఎక్కడ అందుకుంటారో అడగండి. కుర్చీలో కూర్చుని పాడేటప్పుడు ఆ నడక రాకపోతే, చేయి ఆడిస్తూ పాడమనండి. అది పట్టుకోకుండా స్వీడన్‌లో ఎవరికీ నేర్పలేరు.

ఇది నాన్నగారిని బుట్టలో వేసే ఉపాయం అనుకోకండి. "ఇప్పుడెందుకే ఇవన్నీ" అని ఆయన విసుక్కోనూవచ్చు. అయినా మీ పని ఆయనతోనే ఉంది. ఈ పాట పూర్తయ్యేదాకా మాత్రం ముప్పై ఒకటో ట్రాకు మొదలుపెట్టకండి.

నిద్ర మాట తేలిగ్గా తీసుకోను. కళాకారులంతా ఇంతే అని స్నేహితులు కొట్టిపారేస్తారు. డెడ్‌లైన్ టెన్షన్‌తో ఒకటి రెండు రాత్రులు మేలుకోవడం వేరు. రోజుల తరబడి నిద్ర లేకున్నా అలుపు తెలియకపోవడం, ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పరిగెత్తడం, చేతిలో డబ్బు ఆగకపోవడం, తర్వాత మంచం దిగలేకపోవడం, ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే సైకియాట్రిస్టుని కలవాలి. ఉత్తరం చదివి నేను తేల్చగల విషయం కాదు. ముందు ఫోన్‌లో మాట్లాడి చూద్దామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. డబ్బు తీసుకోరు, భాష ఎంచుకునే వీలుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే మీలోని సంగీతం పోతుందన్న భయం పెట్టుకోకండి.

సంబంధాల ఫోటోలకు జవాబివ్వకుండా వదిలేస్తున్నానన్నారు. మీ మౌనాన్ని అమ్మ సగం ఒప్పుకోలుగా తీసుకుంటోందేమో. ఫలానా నెల దాకా ఎవరినీ చూడొద్దు, ఎవరికీ మాటివ్వొద్దు అని నెల పేరు పెట్టి చెప్పండి. అమ్మ చేత చెప్పించకుండా, నాన్నగారికి మీరే చెప్పండి.