దవడ నొప్పికి 24 సిట్టింగుల ప్యాకేజీ: ముందే కట్టాలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. సొంతూరు మదనపల్లె. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి 58,000 వస్తుంది. అద్దె 16,000, ఇంటికి పంపేది 12,000, సిప్ 8,000, మిగతా ఖర్చులు 15,000. ఎఫ్‌డీలో 1.5 లక్షలు ఉన్నాయి. మూడు నెలలుగా కుడి దవడ నొప్పి. పొద్దున లేచేసరికి పట్టేసి ఉంటుంది, ఇడ్లీ కూడా చిన్న ముక్కలు చేసుకుని తింటున్నాను. డెంటిస్టు ఎక్స్‌రే తీసి, పళ్లు బాగానే ఉన్నాయి, దవడ కీలు సమస్య అన్నారు. ఫిజియోథెరపీ క్లినిక్‌లో 24 సిట్టింగులు కావాలన్నారు. సిట్టింగుకు 900, ఒకేసారి కడితే మొత్తం 18,000. రాత్రి పళ్లకు పెట్టుకునే నైట్ గార్డు ఇంకో 14,000. రెండింటికీ నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ రాదట. సిప్ ఆపనా, ఎఫ్‌డీ తీయనా, ఈఎంఐ పెట్టనా?

జవాబు: మూడూ వద్దమ్మా. వైద్యం మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.

ముందు ఆ డిస్కౌంటు సంగతి చూద్దాం. 18,000ను 900తో భాగిస్తే 20. అంటే 20 సిట్టింగులు దాటి వెళ్తేనే ప్యాకేజీ వల్ల మీకు ఒక్క రూపాయైనా మిగిలేది. ఎనిమిదింటితో నొప్పి తగ్గితే, విడిగా కట్టినవాళ్లకు అయ్యేది 7,200. ప్యాకేజీ తీసుకున్నవాళ్లు 10,800 వదులుకున్నట్టే. నాకు భుజం పట్టేసినప్పుడు ఒక చోట 15 సిట్టింగులకు ముందే కట్టాను. ఆరో సిట్టింగుకే చెయ్యి పైకి లేచింది. మిగిలిన తొమ్మిదింటి డబ్బు అడిగితే 'రీఫండ్ లేదు, ఇంట్లో ఇంకెవరికైనా వాడుకోండి' అన్నారు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంది. అప్పటి నుంచి నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ వైద్యానికి ముందే మొత్తం కట్టొద్దనే చెబుతున్నాను.

మొదటి రోజే ఎవరికైనా సరిగ్గా 24 అని ఎలా తెలుస్తుంది? చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, అక్కడ కదిలేదే ఆ కీలు. నిద్రలో పళ్లు కొరకడం, టెన్షన్‌లో దవడ బిగబట్టడం, లాప్‌టాప్ ముందు మెడ ముందుకు చాచి కూర్చోవడం లాంటివన్నీ దాని చుట్టూ ఉన్న కండరాలను అలసిపోయేలా చేస్తాయి. ఎక్కువ మందికి ఇది ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఎన్నాళ్లకు అన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. ఎక్కువ కాలంగా ఈ నొప్పి ఉన్నవాళ్ల కోసం 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మార్గదర్శకాలు ప్రచురించింది. థెరపిస్టు దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, చేత్తో కీలును కదిలించడం, కూర్చునే తీరు సరిచేయడం, ఇంట్లో చేసుకునే సాధన, వీటికి అందులో గట్టి మద్దతు ఉంది. తీసి పెట్టుకునే నైట్ గార్డుల విషయంలో అంత మొగ్గు చూపలేదు. అందుకే ఆ 14,000 ఇప్పుడే ఖర్చు పెట్టకండి. పళ్లు అరుగుతున్నాయని మీ డెంటిస్టు చూసి చెబితే అప్పుడు ఆలోచిద్దాం. పళ్లు అరగదీసి కొరుకు (పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు) సరిచేస్తాం అని ఎవరైనా అంటే మాత్రం, వెనక్కి తీసుకోలేని పని కాబట్టి ఇంకో డాక్టరును అడగకుండా ఒప్పుకోకండి.

వైద్యం పనిచేస్తోందో లేదో చూడటానికి మీ చేతి మూడు వేళ్లు చాలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు. వాటిని నిలువుగా కలిపి పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పెట్టి చూడండి. మామూలుగా మూడూ పడతాయి, స్కేలుతో కొలిస్తే దాదాపు 40 మిల్లీమీటర్లు. మీకు రెండే పడుతున్నాయేమో. మొదటి సిట్టింగులోనే థెరపిస్టుతో కొలిపించి, తేదీ వేసి రాసుకోండి. వారానికి రెండు చొప్పున నెలకు ఎనిమిది సిట్టింగులు. నాలుగో దాని తర్వాత ఒకసారి, ఎనిమిదో దాని తర్వాత ఒకసారి మళ్లీ కొలవండి. అంకె పెరుగుతూ, నొప్పి తగ్గుతుంటే కొనసాగించండి. ఎనిమిదైనా కదలిక లేకపోతే ఇంకో పదహారు కొనడం కాదు, డాక్టరును మార్చడం అవసరం. ఇంట్లో రోజూ చేయాల్సిన వ్యాయామాలు రాయించుకోండి, వాటికి ఫీజు లేదు. కొన్నాళ్లు చూయింగ్ గమ్, గట్టి మాంసం పక్కన పెట్టి, మన సంగటి తినండి. నమలక్కర్లేదు, మింగేయడమే.

ఇక డబ్బు. మీరు రాసిన ఖర్చులన్నీ పోగా నెలకు 7,000 మిగులుతోంది. ఎనిమిది సిట్టింగులకు 7,200. తగ్గే 200 మిగతా ఖర్చుల్లో సర్దుకోవచ్చు, సిప్ ముట్టుకోనక్కర్లేదు. సిప్ తీసేస్తే మీ నెల ఖర్చు 43,000, ఆ ఎఫ్‌డీ మూడున్నర నెలల భరోసా. ఉద్యోగం అటూ ఇటూ అయితే అక్కరకొచ్చేది అదే, దాన్ని కదపొద్దు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే క్లినిక్ మీకు అప్పివ్వడం కాదు. వెనక ఒక ఫైనాన్స్ కంపెనీ ఉంటుంది. అది క్లినిక్‌కు డబ్బు ముందే ఇచ్చేస్తుంది, మీరు ఐదో సిట్టింగుకే మానేసినా, క్లినిక్ మూతపడినా వాయిదాలు మీ నెత్తినే. ఒకటి తప్పితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పింది చాలా పాలసీల్లో నిజమే. ఆసుపత్రిలో చేరితేనే క్లెయిమ్, ఓపీడీకి, అంటే చేరకుండా చూపించుకుని వచ్చే వైద్యానికి రాదు. అయినా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, మన పాలసీలో ఓపీడీ గానీ వెల్‌నెస్ డబ్బు గానీ ఉందా అని అడగండి. కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి, ఉద్యోగులకు తెలియక అలాగే మిగిలిపోతోంది. 'ఒక రోజు అడ్మిట్ చూపిద్దాం' అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది తప్పుడు క్లెయిమ్, పాలసీయే పోవచ్చు. సొంతంగా హెల్త్ పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే ఫారంలో ఈ దవడ నొప్పి తప్పకుండా రాయండి. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే గడువు) 3 ఏళ్లకు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. దాచిపెడితే రేపు పెద్ద క్లెయిమ్‌కే ఎసరు.

రెండో అభిప్రాయం కావాలంటే విక్టోరియా హాస్పిటల్ ప్రాంగణంలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది. కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగితే దగ్గరే. పొద్దున్నే వెళ్లండి, క్యూ ఉంటుంది. మీ ఎక్స్‌రే, కొలతలు రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి. ఒకవేళ నోరు ఉన్నట్టుండి తెరుచుకోకుండా లాక్ అయినా, వాపు, జ్వరం వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నడిచినప్పుడు దవడ లాగుతూ ఛాతీలో బరువుగా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే, అది గుండెకు సంబంధించింది కావచ్చు. అలాంటప్పుడు ఎఫ్‌డీ తీయడానికి క్షణం కూడా ఆలోచించకండి.

రేపు క్లినిక్‌లో 'ఎనిమిదింటికి విడివిడిగా కడతాను, ప్రతిసారీ రసీదు ఇవ్వండి' అని చెప్పండి. కుదరదంటే ఇంకో ఫిజియోథెరపిస్టును చూసుకోండి. దవడ సమస్యలు చూసిన అనుభవం ఉందా అన్నది మాత్రం ముందే అడగండి.