ఇళ్ల స్థలాలుగా మారబోయే దిబ్బను తవ్వేవారికి

చిరంజీవికి ఆశీస్సులు.

మెట్ట వాలు దిగి గోదావరి డెల్టా పల్లం మొదలయ్యే చోట, లేఔటు వేయబోతున్న ఆ పాటిదిబ్బను, అంటే పూర్వం ఊరుండిన చోట మిగిలిన మట్టిదిబ్బను, తవ్వే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. రక్షిత ప్రదేశం కాకపోయినా, 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం సైతం కేంద్రం ముందస్తు ఆమోదం లేకుండా తవ్వకం చేపట్టకూడదు కనుక, ఆ ఉత్తరువు అందేదాకా గునపం ఎత్తవద్దు.

ముందుగా ఊరి రైతులతో కూర్చో. తరతరాలుగా పాటిమన్నును బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నవారు వాళ్లే. బూడిదమన్ను ఏ మూల తగిలిందో, ఏ గోతిని తరువాత పూడ్చారో వాళ్లే చెప్పగలరు.

రాళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. డెల్టా అంతా నది తెచ్చిన ఒండ్రు కాబట్టి, పల్లంలోని చెదరని బంకమట్టి పొరలో రాతిపెచ్చు కనబడితే అది అక్కడికి ఎలా చేరిందని తప్పక అడగాలి. అయితే నీ దిబ్బ వాలు అంచున ఉన్నందువల్ల, వాననీటితో మెట్ట నుంచి జారివచ్చిన గులకరాళ్లు కూడా ఉంటాయి. మెరక కోసం క్వారీల నుంచి తోలిన గ్రావెల్‌లో నిజమైన రాతి పనిముట్లే దొరికినా, అవి ఆ క్వారీ చరిత్రకు చెందినవే తప్ప ఈ దిబ్బవి కావు. అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి నునుపుదేరాయా అన్నది ప్రతి రాయికీ రాసిపెట్టు. గ్రావెల్ తీయడానికి పొక్లెయిన్ వాడవచ్చు గాని, పళ్లు లేని బొచ్చెతో, నీ కళ్లముందే జరగాలి.

గడువు తక్కువని దిబ్బంతా ఒకేసారి తెరవవద్దు. నడిమధ్య 5 మీటర్ల చదరపు గుంత ఒకటి మనిషి తాకని సహజమట్టి దాకా దింపితే, ఎన్ని పొరలున్నాయో తెలిసి, మిగిలిన రోజులు ఎక్కడ ఖర్చు చేయాలో నిర్ణయించుకోగలవు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు ఊటనీరు తగ్గుతుంది కనుక ఆ గుంత అప్పుడే ముగించు. గోడలను మెట్లుగా కోయకపోతే తడిసిన బంకమట్టి కూలీల మీద విరిగిపడుతుంది. నల్లమట్టి ఆరితే బీటలు వారి పొరల గీతలు చెదిరిపోతాయి. అందుచేత గోడల పటం ఏ రోజుది ఆ రోజే గీయాలి. బూడిదమన్నును నీళ్లలో కలిపి తేలిన మాడుగింజలను పలుచని గుడ్డతో వడకట్టు. బొగ్గును వట్టిచేత్తో తాకకుండా అల్యూమినియం రేకులో చుట్టి, పొర సంఖ్య వేయి.

స్థలం యజమానిని విరోధిగా చూడవద్దు. లేఔటులో ఎలాగూ పార్కుకు స్థలం వదలాలి. ప్లాను ఆమోదానికి వెళ్లకముందే కలిసి, తవ్వని దిబ్బ భాగాన్నే అందుకు కేటాయించమని అడుగు. తరువాతి తరం మనకన్నా మెరుగైన పద్ధతులతో తవ్వడానికి కొంత మట్టి మిగలాలి.