చర్చి రంగుటద్దాల కిటికీ ఉబ్బితే తీసేయాలా?

మీ ఊరి పాత చర్చిలో బలిపీఠం వెనక ఉన్న రంగుటద్దాల కిటికీ ముందుకు ఉబ్బిందని, రెండు ముక్కలు పగిలాయని, క్రిస్మస్ లోపు దాన్ని తీసేసి అల్యూమినియం ఫ్రేము పెట్టించాలని సంఘ పెద్దలు అంటున్నారని రాశారు. దయచేసి వాళ్లను కొంచెం ఆపండి. మాదీ కోనసీమేనండి, సముద్రానికి దగ్గర ఊరు. మేము చేసిన తప్పులు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

1996 నవంబరు 6 తుపాను రాత్రి కొబ్బరి మట్టలు వచ్చి కొట్టుకుని మా కిటికీలో కింది వరస అద్దాలు పోయాయి. వాన లోపలికి కొట్టకుండా మేస్త్రి అంచుల చుట్టూ సిమెంటు పూశాడు. ఎండకు అద్దం, దాని ముక్కల్ని కలిపి ఉంచే సీసం (లెడ్) పట్టీలు సాగుతాయి, గాలికి కాస్త కదులుతాయి. సిమెంటు కదలదు. ఏళ్లు గడిచేకొద్దీ అంచు ముక్కలు ఒక్కొక్కటే చిట్లాయి.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఓ క్రిస్మస్ ముందు యూత్ వాళ్లం బాత్రూం యాసిడ్, స్టీలు పీచు పెట్టి కిటికీని తోమాం. రంగు అద్దంలోనే ఉంటుంది కదా, పోదనుకున్నాం. నీలం, ఎరుపు నిజంగానే అద్దంలో కలిసినవే. కానీ ముఖం, వేళ్లు, బట్ట మడతలు అలా కాదు. గాజుపొడి, లోహపు పొడి కలిపిన నల్లరంగుతో గీసి, దాదాపు 650 డిగ్రీల వేడిలో కాల్చి అంటిస్తారు. కాల్పు సరిగా కుదరని చోట రుద్దితే లేచిపోతుంది. మా కిటికీ బొమ్మలో ఉన్న యేసు శిష్యుడు పేతురు ముఖం అలాగే పోయింది. చాలా ఏళ్లు ఆ ఖాళీ ముక్కను చూస్తూ ప్రార్థనలో కూర్చున్నాం.

ఉబ్బడానికి కారణం సాధారణంగా అద్దం కాదు. ముక్కల్ని పట్టుకున్న సీసం పట్టీలు మెత్తటివి, వందేళ్లకు అలిసిపోతాయి. కిటికీని అడ్డ కమ్మీలకు కట్టిన రాగి తీగలు ఊడితే బరువంతా కిందికి దిగుతుంది. మన ఉప్పు గాలికి ఇనుప కమ్మీలు త్వరగా తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బి గోడను, అద్దాన్ని కూడా చీలుస్తుంది. అందుకే ముందు నీరు ఎక్కడినుంచి దిగుతోందో చూడండి. మాకు కిటికీ పైన గోడ పగులులోంచి దిగేది. అది ఆపకుండా కిటికీ బాగుచేస్తే డబ్బు దండగే.

ఉబ్బును చేత్తో వెనక్కి నొక్కకండి. లోపలి నుంచి, బయటి నుంచి ఫోటోలు తీయండి. రాలిన ముక్కల్ని విడివిడిగా కాగితంలో చుట్టి, ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. సీసం తాకాక చేతులు కడుక్కోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నల్లగీతలు ఉన్న వైపు అసలు ముట్టుకోకండి. బోరు నీళ్లు పోయొద్దు, ఉప్పు మరకలు పడతాయి. బయట ఫైబర్ షీటు బిగిస్తామంటే, పైనా కిందా గాలి ఆడే సందు ఉండాల్సిందే. లేకపోతే లోపల వేడి, చెమ్మ నిలిచిపోతాయి.

మిగతాది తెలిసినవాళ్ల పని. పాత కట్టడాలను, కళను కాపాడేందుకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థకు ఫోటోలతో రాస్తే దారి చెప్పొచ్చు. మాకు దొరికిన నిపుణుడు సన్న ఉలితో రోజుల తరబడి సిమెంటు తీశాడు. స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు వేశాడు. బాగున్న సీసాన్ని అలాగే ఉంచి, సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పంతో సందులు పూడ్చాడు. పలకల్ని నిలువుగానే మోయించాడు, పడుకోబెట్టి ఎత్తితే తమ బరువుకే వంగుతాయట.

పేతురు ముఖం మాత్రం పాత అద్దం మీద మళ్లీ గీయనన్నాడు. వేరే పలచని అద్దం మీద గీసి, పాతదాని వెనక అమర్చాడు. రేపు ఎవరైనా కావాలంటే తీసేయొచ్చు. ఆ ముఖం ఎలా ఉండేదో మాకు ఓ పాత పెళ్లి ఆల్బంలో దొరికింది, వధూవరుల వెనక కిటికీ స్పష్టంగా పడింది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో కూడా పెళ్లి ఫోటోలు అడగండి.